తూముకు ముసుగు

ఈసారి సర్పంచి పదవికి నిలబడేవాళ్ళు ఆస్తులు, కేసుల వివరాలతోపాటు వాతావరణ మార్పు మీద తమ అభిప్రాయం కూడా రాసివ్వాలని పైనుంచి కొత్త నిబంధన వచ్చింది. అభిప్రాయం మూడు పంక్తులకు తగ్గకూడదు, పది పంక్తులకు మించకూడదు, సొంత దస్తూరీలో ఉండాలి. అభిప్రాయం లేనివాళ్ళ నామినేషను చెల్లదు.

మా ఉప్పుమెరకలో అప్పటిదాకా వాతావరణం మీద ఎవరికీ అభిప్రాయం లేదు. వాన పడితే తడిసేవాళ్ళం, ఎండ కాస్తే వడియాలు పెట్టుకునేవాళ్ళం.

ఎన్నికల అధికారిగా పరంజ్యోతి గారు వచ్చారు. ఆయన అసలు ఉద్యోగం తూనికలు, కొలతల శాఖలో. ఇరవయ్యారేళ్ళు సంతల్లో త్రాసులు పరీక్షించారట. ఏ పళ్ళెమూ కిందికి దిగకూడదు, ముల్లు నడిమధ్యన నిలబడాలి అనేది ఆయనకు భోజనంలో కూడా పట్టింపే. కూర ఎంత వేసుకుంటే పప్పు అంతే వేసుకునేవారని ఆయనకు క్యారేజీ పంపినవాళ్ళు చెప్పారు.

ముగ్గురు నిలబడ్డారు. గంగాధరం గారికి రొయ్యల చెరువులున్నాయి. తాతాజీ గారికి షామియానాల కొట్టుంది. మూడో మనిషి మా ఇంట్లోనే ఉండే మా మేనత్త వరహాలమ్మ. ఆమెకు అరవై నాలుగు బాతులున్నాయి.

అత్త నిలబడింది పదవి కోసం కాదు, తూము కోసం. ఊళ్ళో పడ్డ వానంతా మురుగు కాలవలోకి దిగి, రోడ్డు కింద తూములోంచి సముద్రం వైపు పోతుంది. తూము నోటికి గుర్రపుడెక్క అడ్డంపడుతుంది. ఏటా దసరా వెళ్ళగానే మండలం నుంచి కూలీలు వచ్చి దాన్ని కోసి గట్టుమీద పడేస్తారు. పోయినేడు రెండు వారాలు ఆలస్యంగా వచ్చారు. ఈలోగా వాయుగుండం వచ్చి కాలవగట్టు పేటలో నలభై ఇళ్ళు మునిగాయి. అన్నిటికంటే పల్లంలో ఉన్నది మా ఇల్లు. ఉత్తరం గోడ కూలింది. తుంటి విరిగి మంచంమీదనే ఉండే మా నాయనమ్మను ఎక్కడికీ కదపలేక, మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాం. మూడు రోజులు ఆమె ఆ మంచంమీద పడుకుని ఇంట్లో తిరిగే చేపపిల్లల్ని చూసింది. ఆ గోడ మళ్ళీ మట్టితోనే పెట్టుకున్నాం. ఇంకోసారి నీళ్ళు నిలిస్తే అది నిలవదని మా అమ్మకు తెలుసు.

నామినేషను రోజున అత్త కళ్ళజోడుకు ఒక అద్దమే ఉండటంవల్ల, చదివి చెప్పటానికి నన్ను వెంట తీసుకెళ్ళింది. అభిప్రాయాలు రాసే కాగితం ముగ్గురికీ ఒకేసారి ఇచ్చారు, ముగ్గురికీ ఒకే కొలత పెన్సిళ్ళు ఇచ్చారు.

గంగాధరం గారు ఇలా రాశారు: "వాతావరణం మారదు. ఎక్కడైనా మారినా మన ఊళ్ళో మారదు. అన్నీ మా తాతగారి రోజుల్లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి."

తాతాజీ గారు చాలాసేపు ఫ్యాను వంక చూసి, ప్రభుత్వం ఏ రోజున ఏ అభిప్రాయంతో ఉంటే ఆ రోజున తనదీ అదేనని, అది మూడు పంక్తులు నిండేలా లావు అక్షరాలతో రాశారు.

అత్త రాసింది ఇది: "వానలు ఎక్కువయ్యాయి. తూముకాడ గుర్రపుడెక్క తియ్యాలి. తీస్తే నీళ్ళు పోతాయి."

మూడు అభిప్రాయాలనూ పంచాయతీ ఆఫీసు గోడమీద ఒకే సైజు అక్షరాలతో, ఒకే రంగుతో రాయించారు. గుర్తులు కూడా పేర్ల అక్షర క్రమంలో వచ్చాయి. గంగాధరం గారికి ఉంగరం, తాతాజీ గారికి కత్తెర, అత్తకు గొడుగు.

నాలుగో రోజున మండలం కూలీలు కొడవళ్ళు పట్టుకుని తూము దగ్గరకు వచ్చారు. వెనకే పరంజ్యోతి గారు జీపు దిగి ఆపమన్నారు. కబురు విని అత్త పరిగెత్తింది. నేనూ వెళ్ళాను.

ఆయన కాగితం తీసి చదివారు. "అభ్యర్థి తన అభిప్రాయములో పేర్కొనిన ఏ అంశమునైనను ప్రభుత్వ యంత్రాంగము అమలు చేయుట, సదరు అభ్యర్థికి అనుకూలముగా వ్యవహరించుటగా పరిగణింపబడును."

"ఏటా తీత్తారండి," అంది అత్త. "నేను పుట్టకముందు నించీ తీత్తన్నారు. మీరు ఈళ్ళనే అడగండి."

"అప్పుడు అది పని అమ్మా. ఇప్పుడు అది అభిప్రాయం."

కూలీలు కొడవళ్ళు జీపు నీడలో పెట్టుకుని కూర్చున్నారు. మేమే తీసుకుంటామని అత్త అంది. అభ్యర్థి ఓటర్లకు ఉచిత సేవ చేయటం ప్రలోభం కిందికి వస్తుందన్నారు ఆయన. పోనీ తన బాతుల్ని వదులుతాను, అవి అందులో పడి తిరిగితే డెక్క కొంత చెదురుతుందంది. ఆయన ఫైలు తిరగేసి, అరవై నాలుగు బాతులూ అభ్యర్థి ఆస్తుల పట్టికలో రెండో వరసలో ఉన్నాయనీ, ప్రకటిత ఆస్తులను వివాదాస్పద స్థలంలో మోహరించకూడదనీ చెప్పారు. ఆ రోజు నుంచి బాతులు దొడ్లోనే ఉన్నాయి. మోహరించటం అంటే ఏమిటని అత్త దారిలో నన్ను అడిగింది. యుద్ధంలో చేసేదని చెప్పాను. తన బాతుల్ని ఆ మాత్రం మనుషులుగా చూసినవాళ్ళు ఇంతవరకు లేరంది.

అంతటితో సరిపోలేదు. తూము కంటికి కనబడినంతకాలం ఓటరు దాన్ని చూస్తాడు, చూస్తే అత్త అభిప్రాయం గుర్తొస్తుంది. మూడు రోడ్ల దగ్గర బడికి స్థలమిచ్చిన దాతగారి విగ్రహానికి అప్పటికే ముసుగు వేశారు గనుక, అదే పద్ధతిలో తూముకు కూడా వెయ్యాలని నిర్ణయమైంది. ఊళ్ళో అంత పెద్ద గుడ్డ తాతాజీ గారి కొట్లోనే ఉంది. కానీ ఆయన గుడ్డలన్నిటికీ మూలన "తాతాజీ సప్లయర్స్" అని కుట్టి ఉంటుంది. అభ్యర్థి పేరున్న గుడ్డ పనికిరాదు. చివరకు పక్క మండలం నుంచి తెల్లగుడ్డ తెప్పించి, తూమునూ దాని ముందున్న డెక్కనూ కలిపి కప్పి, అంచుల్ని గూటాలకు కట్టారు. కూలీలు ఆ పని చేసి వెళ్ళిపోయారు. దూరం నుంచి చూస్తే అక్కడెవరో మహానుభావుడు పడుకున్నట్టుండేది. దారినపోయే ముసలివాళ్ళు కొందరు చెప్పులు విడిచి నడిచారు.

తరవాత గుర్తుల సంగతి వచ్చింది. గొడుగు పట్టుకుని బజారులో నడవటం అత్తకు ప్రచారం చేయటమేనని తాతాజీ గారి మనుషులు ఫిర్యాదు చేశారు. పరంజ్యోతి గారు న్యాయంగానే ఆలోచించారు. గొడుగులు ఆఫీసులో జమచెయ్యమన్నారు. ఒక పళ్ళెంలో గొడుగులు పడ్డాక రెండో పళ్ళెం ఖాళీగా ఉండకూడదు గనుక, దర్జీల కత్తెర్లు కూడా తెప్పించారు. ఉంగరాలు తియ్యమన్నప్పుడు గంగాధరం గారి వేలి ఉంగరం ఊడిరాలేదు. కొబ్బరినూనె రాసి లాగారు. ఆడవాళ్ళ మెట్టెలు ఉంగరాల కిందికి వస్తాయా రావా అన్న విషయంపై పరంజ్యోతి గారు పైకి లేఖ రాశారు. జవాబు వచ్చేదాకా ఆడవాళ్ళు చెప్పులకు బదులు బూట్లు వేసుకోవటం మంచిదని సలహా ఇచ్చారు. బూట్లు ఎవరికీ లేవు. కాబట్టి పగలు బయటకు రావటం తగ్గించారు.

బళ్ళో మాకు సాంఘికశాస్త్రంలో రుతుపవనాల పాఠం జరగాల్సి ఉంది. మా సారు నల్లబల్లమీద "ఋతు" అని రాసి, కిటికీలోంచి రోడ్డు వంక చూసి, చెరిపేసి, వ్యవసాయ పనిముట్ల పాఠం తీశారు. అందులో కొడవలి బొమ్మ రాగానే అది కూడా ఆపి ఆటలకు పంపారు.

ఆ వారం చివర్న బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది. రెండు రోజుల్లో భారీ వర్షాలని, పల్లపు ప్రాంతాలవాళ్ళకు చాటింపు వేయించమని మండలం నుంచి సందేశం వచ్చింది. మా ఊళ్ళో చాటింపు వేసేది ఏసోబు తాత. ఆయన టముకు భుజానికి తగిలించుకుని ఆఫీసు మెట్లమీద కూర్చున్నాడు. మొదట ఫలానా రోజున భారీ వర్షం అని రాసిచ్చారు. ఆయన రెండడుగులు వేశాడో లేదో వెనక్కి పిలిచారు. వానలు ఎక్కువయ్యాయన్నది మూడో అభ్యర్థి అభిప్రాయం. భారీ వర్షం వస్తుందని ప్రభుత్వమే చాటింపు వేస్తే, ఆమె చెప్పింది నిజమని ప్రభుత్వం ఒప్పుకున్నట్టవుతుంది. వాతావరణంలో మార్పులేదన్నది మొదటి అభ్యర్థి అభిప్రాయం. చాటింపులో దానికీ సమానమైన చోటు ఉండాలి. తాతాజీ గారి అభిప్రాయం ప్రభుత్వ అభిప్రాయమే గనుక, ప్రభుత్వానికి అభిప్రాయం ఉంటే ఆయనకు లాభం. లేకపోతే ఆయనకు నష్టం.

దీనిమీద పరంజ్యోతి గారు మధ్యాహ్నం భోజనం కూడా మానుకుని కూర్చున్నారు. మూడు గంటలకు కొత్త కాగితం తయారైంది. ఏసోబు తాత దాన్ని మా పేట మొగలో నిలబడి చదివాడు.

"కాలవగట్టు పేట ప్రజలకి తెలియజేయటమేమనగా. రేపు, ఎల్లుండి, వాన పడునని ఒక అభిప్రాయం ఉన్నది. పడదని ఇంకో అభిప్రాయం ఉన్నది. ఎటూ కాదని కూడా ఒకటి ఉన్నది. ప్రజలు మూడింటికీ సమానంగా సిద్ధపడవలసింది."

టముకు కూడా మూడు దెబ్బలే కొట్టాడు, ఒక్కొక్క దానికి ఒకటి.

"ఇంతకీ వాన వత్తాదా రాదా, బాబాయ్?" అని మా అమ్మ అడిగింది.

ఆయన నాలుగు పక్కలా చూశాడు. "నేను మాత్తరం మా మేకల్ని మెరకలోకి తోలేశానమ్మా," అని, ఆ మాట చాటింపులోది కాదని చెప్పి వెళ్ళిపోయాడు.

మా అమ్మ ఇంట్లోకి వచ్చి నాయనమ్మ మంచం కోళ్ళ కింద మూడేసి ఇటుకలు పెట్టింది.

వాన పడునన్న అభిప్రాయం మర్నాడు పొద్దున్నే మొదలైంది. ఒక రోజంతా పడింది. గొడుగులన్నీ ఆఫీసులో ఉండటంతో ఊరంతా గోనెసంచులు కప్పుకుని తిరిగింది. పరంజ్యోతి గారు కూడా తడుస్తూనే తిరిగారు. ఆఫీసు గదిలో నూటపాతిక గొడుగులుంటే ఒక్కటి తీసి వేసుకోలేదు. ఆ విషయంలో ఆయన్ను తప్పుపట్టటానికి ఏమీ లేదు.

రెండో రోజు పొద్దుటికి మా వాకిట్లో పాదాలు మునిగాయి. తొమ్మిదింటికి మొదటి ఇటుక మునిగింది. గోడ అడుగున చెయ్యి పెట్టి చూస్తే మెత్తగా తగిలింది. నాయనమ్మ మంచంమీంచి వంగి చూసి, ఈసారి చేపలు సన్నంగా ఉన్నాయంది.

గంగాధరం గారి రొయ్యల చెరువు గట్లు కూడా కోసుకుపోవటం మొదలైంది. ఆయనే రోడ్డుమీదకు వచ్చి తూము వంక ఆశగా చూశారు. కానీ వాతావరణం మారదని గోడమీద రాయించుకున్న మనిషి గనుక, ఎవరు పలకరించినా ఇది మామూలు జల్లేనని చెప్పాల్సి వచ్చింది. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఆ మాటే చెప్పారు. తాతాజీ గారు మాత్రం ప్రభుత్వ అభిప్రాయం కోసం ఫోను చేస్తూ ఉన్నారు. లైను దొరకలేదు.

అత్త నన్ను తీసుకుని ఆఫీసుకు వెళ్ళింది. నామినేషను కాగితం వెనకవైపున ఉన్న నిబంధనలన్నీ నేను అంతకుముందే నా డైరీలో ఎక్కించుకున్నాను. ఎందుకు ఎక్కించానో అప్పుడు తెలియదు. ఖాళీ పేజీలు ఉన్నాయి, అంతే. అందులో తొమ్మిదోది ముందురోజే అత్తకు చదివి వినిపించాను. ఆఫీసులో అత్త మాట్లాడుతుందని నేను అనుకున్నాను. ఆమె నన్ను ముందుకు తోసింది.

"అభిప్రాయం మార్చుకోవచ్చాండి?" అన్నాను. వాన హోరులో వినబడలేదు. మళ్ళీ అడగాల్సి వచ్చింది.

పరంజ్యోతి గారి ముఖం వెలిగింది. తొమ్మిదో నిబంధన ఇంతవరకు ఎవరూ అడగలేదట. "పోలింగునకు నలభై ఎనిమిది గంటల ముందు వరకు అభ్యర్థి తన అభిప్రాయమును సవరించుకొనవచ్చును," అని ఆయన చూడకుండానే అప్పగించారు.

"నా అభిప్రాయంలో తూము లేకపోతే ఏమవుద్దండి?" అని అత్త అడిగింది.

"ఏ అభ్యర్థి అభిప్రాయంలోనూ లేకపోతే అది తూమే. మామూలు తూము."

"అప్పుడు డెక్క తియ్యొచ్చా?"

"నిరభ్యంతరంగా. అభ్యర్థి పాల్గొనకుండా."

అత్త ఆ తూము కోసమే నిలబడింది. అది లేకపోతే ఆమె దగ్గర ఊరికి చెప్పటానికి ఇంకేమీ లేదు. పోలింగు నాలుగు రోజుల్లో ఉంది. అక్కడే ఉన్న గంగాధరం గారు, "ఏటమ్మా వరహాలూ, ఎగిరెగిరి అప్పుడే దిగిపోయావా," అన్నారు. ఆయన పంచె అంచు పిండుకుంటూ అన్నారు గనుక ఆ మాట అంత గట్టిగా తగల్లేదు.

"నా కొంపలో మనిషి మంచంమీద తేలతా ఉంది అన్నయ్యా. నేను దిగక ఏం చెయ్యను," అంది అత్త.

కానీ మూడు పంక్తులకు తగ్గకూడదు. అత్తకు వేరే అభిప్రాయాలు లేవు. బాతుల గురించి రాయబోతే అవి ఆస్తులు. ఆలోచిస్తూ కిటికీలోంచి గోడ చూసింది. గోడమీద గంగాధరం గారిది కనబడింది. దాన్నే దించింది. వాతావరణం మారదు, ఎక్కడైనా మారినా మన ఊళ్ళో మారదు. మూడో పంక్తిలో తాతగారి మాట దగ్గర ఆగి, తన తాతను తను చూడలేదని, "మా మేనమామ గారి రోజుల్లో" అని మార్చింది. వాన కారణంగా కాగితంమీద అక్షరాలు కొంచెం అలుక్కున్నా సొంత దస్తూరీయేనని పరంజ్యోతి గారు ముద్ర వేశారు.

ముసుగు తీశారు. మండలం కూలీలు రావటానికి దారి లేదు. పేటలో ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని నడుము లోతు నీళ్ళలోకి దిగారు. మా అమ్మ అందరికంటే ముందు దిగింది. గంగాధరం గారి మనుషులు కూడా వచ్చి, తాము దారి తప్పి వచ్చామని చెప్పి డెక్క లాగారు. అత్త పాల్గొనలేదని రుజువు ఉండాలి గనుక, పని అయ్యేదాకా ఆమెను పరంజ్యోతి గారు తన ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. ఇద్దరి గ్లాసుల్లోనూ టీ సమానంగా ఉందో లేదో వంగి చూశారు. అత్త ఆ టీ ముట్టకుండా చెవులు రిక్కించుకుని కూర్చుంది. కొడవళ్ళ చప్పుడు అక్కడిదాకా వినబడదు. వినబడుతోందనే ఆమె అంది.

మధ్యాహ్నం దాటాక తూము ఒక్కసారి గుటక వేసినట్టు శబ్దం చేసి నీళ్ళు లాగటం మొదలుపెట్టింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి అత్తకు చెప్పాను. ఆమె చల్లారిన టీ మొత్తం ఒక్కసారే తాగేసింది. ఇంట్లో రెండో ఇటుక సగం దగ్గర ఆగిన నీళ్ళు సాయంత్రానికి గడప దాటిపోయాయి. గోడ నిలబడింది.

ఎన్నికలో అత్త గెలిచింది. గోడమీద ఆమె కొత్త అభిప్రాయం చదివి ఎవరూ వెయ్యలేదు, తూము చూసి వేశారు. గంగాధరం గారు మాత్రం ఇది అన్యాయమని చాలా రోజులు తిరిగారు. తన అభిప్రాయం గెలిచి తను ఓడిపోవటమేమిటని ఆయన బాధ.

అసలు విశేషం నెల తరవాత తెలిసింది. పైనున్నవాళ్ళు అన్ని ఊళ్ళ అభిప్రాయాలనూ ముందేసుకుని చూస్తే, జిల్లా మొత్తంమీద వాతావరణం మారలేదని అభ్యర్థులు ఒకే మాటగా చెప్పిన ఊరు మాదొక్కటే ఉందట. ఇద్దరు స్పష్టంగా రాశారు, మూడోవారు ప్రభుత్వంతో ఏకీభవించారు, ప్రభుత్వం ఇప్పుడు మిగతా ఇద్దరితో ఏకీభవిస్తోంది. కనుక ఉప్పుమెరకను వాతావరణ మార్పు లేని గ్రామంగా ప్రకటించారు. సభ పెట్టి అత్తకు శాలువా కప్పారు. సభకు షామియానాలు తాతాజీ గారివే. ఊరి మొదట్లో నీలంరంగు బోర్డు పాతారు. వరద ముప్పున్న ఊళ్ళ జాబితాలోంచి మా ఊరి పేరు తీసేశారు. మార్పులేని చోట నివారణ అనవసరం కాబట్టి ఏటా వచ్చే కూలీల్ని కూడా రద్దు చేశారు.

అత్త అర్జీ పెట్టుకుంది. తొందరగానే జవాబు వచ్చింది. తమరు వాతావరణం మారదను అభిప్రాయముపై ప్రజల తీర్పు పొందియున్నారు, పదవీకాలము పూర్తగు వరకు అందుకు విరుద్ధముగా నడుచుకొనుట సదరు తీర్పును ఉల్లంఘించుటే అగును, అని. నేను రెండుసార్లు చదివి వినిపించాను. కళ్ళజోడుకు రెండో అద్దం వేయించుకున్నా లాభం లేదని అత్త అంది.

అయితే తూముకు కప్పిన తెల్లగుడ్డ ఎవరూ వెనక్కి తీసుకుపోలేదు. అది ఎన్నికల సామగ్రి పట్టికలో లేదు, పక్క మండలం పట్టికలోనూ లేదు. అత్త దాన్ని ఉతికి దాచింది.

మళ్ళీ దసరా వెళ్ళింది. తూము నోట్లో డెక్క మళ్ళీ పెరిగింది. అత్త గుడ్డ బయటికి తీయించి, పోయినసారి కట్టినట్టే గూటాలకు కట్టించి, అది గట్టుకంటే అడుగున్నర ఎత్తున నిలిచేలా కింద వాసాలు పెట్టించింది. పేట ఆడవాళ్ళు కొడవళ్ళతో లోపలికి దూరారు. పైనుంచి చూస్తే గుడ్డ అక్కడక్కడా కదిలేది, లోపల్నుంచి నవ్వులు వినబడేవి. అత్త రోడ్డుమీద కుర్చీ వేసుకుని ఎటో చూస్తూ కూర్చుంది.

అదే సమయానికి మండలం నుంచి ఒక అధికారి మోటారుసైకిలుమీద వచ్చి ఆగారు. గుడ్డ వంక చూశారు.

"దీని కింద ఏముందమ్మా?" అని అడిగారు.

"అభిప్రాయం అండి," అంది అత్త.

ఆయనకు అర్థమైనట్టుంది. అభిప్రాయాన్ని కదపకూడదని ఆయనకూ తెలిసే ఉంటుంది. తల ఊపి, బండి తిప్పుకుని వెళ్ళిపోయారు.

ఆ ఏడు పోయినేటి వానకంటే పెద్ద వాయుగుండమే వచ్చింది. అది వచ్చిన సంగతి మా ఊళ్ళో ఎక్కడా నమోదు కాలేదు. నీళ్ళు వాకిలిదాకా వచ్చి, దారి తెలిసినట్టు తిరిగి వెళ్ళిపోయాయి. వాన వెలిశాక మా అమ్మ మంచం కోళ్ళ కింద ఇటుకలు తియ్యబోయింది. నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీయే," అంది. "మళ్ళీ ఎలచ్చన్లు రావా."